నిమ్మళం పెట్టె

ఎండాకాలం కుంటలు ఇంకిపోతే కప్పలు ఎక్కడికి పోతాయని ఆదోని పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. అడిగి మరిచిపోతారు. హుసేనప్ప చిన్నకొడుకు జిలాని ఒక్కడు మరిచిపోలేదు. పెద్ద చదువులు చదివి, తిరిగి ఊరికే వచ్చి, తండ్రి పాత జిన్నింగ్ మిల్లు వెనకాల రేకుల షెడ్డులో ప్రయోగశాల పెట్టుకొని, ఆ ఒక్క ప్రశ్న ముందే ఏళ్ళ తరబడి కూర్చున్నాడు.

పెళ్ళైన కొత్తలో భార్య మాబున్నిని ఆ షెడ్డుకు తీసుకుపోయి, ఒక తొట్టిలోంచి ఎండిన మట్టిగడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పగలగొట్టు," అన్నాడు.

రాయితో కొడితే గడ్డ రెండు చెక్కలైంది. లోపల కాళ్ళు ముడుచుకొని, మామిడి తాండ్ర ముక్కలా వడలిపోయిన కప్ప ఒకటి.

"అయ్యో, చచ్చిపోయిందే!"

"చచ్చిందా? చూస్తాండు."

చెంచాతో దాని మీద నీళ్ళు పోశాడు. ఇద్దరూ టీ తాగారు. గ్లాసులు కింద పెట్టేలోపల కప్ప వెనక కాలు ఒకటి మెల్లగా సాగింది. మాబున్ని కెవ్వుమని స్టూలెక్కింది. చేతినిండా ఉన్న గాజులు గలగలమంటే ఆ చప్పుడుకు కప్ప బెదిరి తొట్టి కిందికి దూకింది. జిలాని కడుపు పట్టుకొని నవ్వాడు.

"చావలేదు మాబూ. నిమ్మళంగా పడుకోనుండాది. వాన కోసం కాచుకోనుండాది. అంతే."

ఆ నిద్ర కప్ప రక్తంలో ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే జిలాని పని. బియస్సీలో కెమిస్ట్రీ చదివిన మాబున్ని అతనికి కుడిచెయ్యి అయింది. పెద్దపిల్ల అఫ్రీన్, చిన్నపిల్ల నాజూ ఆ షెడ్డులోనే సీసాల మధ్య దోగాడారు. పత్తిచేన్లలో పురుగుమందు తాగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు పెద్దాసుపత్రి చేరకముందే దారిలో పోతుంటారు. వాళ్ళ కాలాన్ని ఒకపూట నిలబెట్టగలిగితే చాలునని జిలాని ఆశ. చివరికి ఒక మందు తయారైంది, దాంతోపాటు మనిషి పట్టే ఉక్కుపెట్టె ఒకటి తయారైంది. చూసేవాళ్ళకు ఐస్‌క్రీం బండిలా ఉండేది. దానికి జిలాని 'నిమ్మళం' అని పేరు పెట్టాడు.

"ఊరోళ్ళకు ఎక్కించేముందు నా ఒంట్లో ఎక్కాల," అని మొట్టమొదట తనే అందులో పడుకున్నాడు. మూడోరోజు లేచి, చల్లటి పెదవులతో నవ్వుతూ అన్నం అడిగాడు.

ఆ ప్రయోగంలో తెలిసినవి రెండు. ఒకటి వెంటనే తెలిసింది. ఆ నిద్ర ఒకసారి రుచి చూసిన ఒళ్ళు రెండోసారి ఒప్పుకోదు. రెండోసారి ఎక్కించిన ఎలుకలు ఒక్కటీ లేవలేదు. రెండో సంగతి మాత్రం చాలా నిదానంగా తెలిసింది. లేచినాక కూడా ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోదు. మూత్రపిండాల్లో చేరి, చెదపురుగు తలుపును తిన్నట్టు తింటూ ఉంటుంది.

*

హుసేనప్ప తండ్రి వీధివీధి తిరిగి దూదేకినవాడు. భుజాన పెద్ద విల్లు, చేతిలో దాన్ని మీటే కొయ్య. ఆ విల్లు ఇప్పటికీ మిల్లు ఆఫీసు గోడకు వేలాడుతూ ఉంటుంది. హుసేనప్ప పరుపుల అంగడి పెట్టి, జిన్నింగ్ మిల్లు కొని, ఊళ్ళో మనిషనిపించుకున్నా ఒక ముల్లు మాత్రం అతని గుండెలో అట్లాగే ఉండిపోయింది. "తెలుగు మాట్లాడే దూదేకులోళ్ళు. పేరు చివర అప్పలు, అయ్యలు. వీళ్ళకేం తెలుసయ్యా షరియత్తు?" అని బజారులో ఉర్దూ సాయిబులు నవ్వేవాళ్ళు.

దానికి హుసేనప్ప నోటితో జవాబు చెప్పలేదు. మిల్లుతో చెప్పాడు. బ్యాంకు గడప తొక్కలేదు, వడ్డీ ముట్టలేదు. దర్జీలు, గాజులమ్మేవాళ్ళు, రిటైరైన పంతుళ్ళు, భర్తలు పోయిన ఆడవాళ్ళు తమ దగ్గరున్నది తెచ్చి అతని చేతిలో పెట్టారు. సొమ్ము వాళ్ళది, కష్టం అతనిది, లాభం ఇద్దరిదీ. పొత్తు వ్యాపారం. అట్లా లేచిన స్పిన్నింగ్ మిల్లు వల్ల ఆ వీధుల ఆడపిల్లలు పని కోసం బెంగళూరు బస్సెక్కడం మానుకున్నారు. నవ్విన సాయిబులే వచ్చి పొత్తులో చేరారు. ఆ రోజు హుసేనప్ప పిల్లాడిలా ఇల్లంతా తిరిగాడు.

పొత్తుకు ఒక నియమం ఉంది. నడిపే మనిషి కన్నుమూస్తే పొత్తు అక్కడితో సరి. ఉన్నదంతా ఎవరిది వాళ్ళకు పంచేయాలి. అతని వాటా వారసులకు పోవాలి. సరిగ్గా రెండో మిల్లు కడుతుండగా, ఇంకా పైకప్పు వెయ్యని షెడ్డులో నిలబడి మేస్త్రీని తిడుతూ తిడుతూ హుసేనప్ప పక్షవాతంతో కూలిపోయాడు. డాక్టర్లు పెదవి విరిచారు.

పెద్దకొడుకు ఖాసింవలి నేరుగా తమ్ముడి షెడ్డుకు వచ్చాడు. చొక్కా మీద ఇంకా తండ్రి ఉమ్మి మరక ఉంది.

"జిలానీ, నీ పెట్టె ఖాళీగా ఉందా?"

"అన్నా, అది ఒకపూట ఆపేదానికి చేసింది."

"నేనూ ఒకపూటే అడుగుతాండా. కొంచెం పెద్దపూట."

"నాయనకు ఇష్టముంటుందా?"

"మిషన్లు దారిలో ఉండాయి. షెడ్డుకు కప్పు లేదు. ఇప్పుడు నాయన పోతే ఎట్ల పంచుతావురా? ఒకోళ్ళకు ఒక చక్రం ఇస్తావా? గాజుల మాలన్‌బీకి ఏమిస్తావు, రెండు ఇటుకలా? పొత్తు నిలబడేదాకా నాయన్ని నిలబెట్టు. అంతే నేనడిగేది."

జిలాని మిల్లు కోసం ఒప్పుకోలేదు. నాయన పోతాడంటే తట్టుకోలేక ఒప్పుకున్నాడు. సూది గుచ్చింది మాబున్ని. హుసేనప్ప కళ్ళు మూతలు పడుతున్నాయి. మాట ముద్దముద్దగా వచ్చింది.

"మిషన్ల కాడ గాజులేందిమ్మే... తీసేయమని ఎన్నిసార్లు చెప్పాల నీకు..."

అది అతను ఆమెను ఎప్పుడూ తిట్టే తిట్టు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. పెట్టె మూత పడింది.

*

ఒకపూట కాస్తా సంవత్సరం దాటింది. ఇంకో సంవత్సరంలోకి పోయింది.

మొదట్లో పొత్తుదార్లలో కొందరు గొణిగారు. అసలు హుసేనప్ప ఉన్నట్టా, పోయినట్టా? మౌల్వీ వహీద్ సాబును పిలిపించారు. ఆయన చెప్పులు విప్పి షెడ్డులోకి వచ్చి, పెట్టెకున్న చిన్న రంధ్రానికి చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. కాసేపటికి లోపల ఒక్కసారి, దూరంగా ఎవరో తలుపు తట్టినట్టు, గుండె కొట్టుకుంది.

"బతికుండాడు," అన్నాడు మౌల్వీ. "బతికున్నోనికి వారసులుండరు. పొత్తూ చెడదు."

ఆయన గడ్డం నిమురుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు. "ఇట్లాంటి బతుకు గురించి రాసిన మాట నాకు యాడా కనపడలేదు. షరియత్తు తమ వేళకు పోయేటోళ్ళ కోసం వచ్చింది." ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. అప్పటికే సగంమంది బయట చెప్పులు వెతుక్కుంటున్నారు.

రెండో మిల్లు తెరిచారు. ఊరి చివర కొత్త వీధులు లేచాయి, పిల్లల ఆసుపత్రి ఒకటి వచ్చింది. అన్నీ హుసేనప్ప పేరు మీదే. ఖాసింవలి మంచి పనిమంతుడు, మోసగాడు కాడు. ఉదయం మిల్లుకు పోయేముందు షెడ్డుకు వచ్చి, పెట్టె మీద చెయ్యి పెట్టి, "పోయొస్తా నాయనా," అని చెప్పి పోయేవాడు. అక్కడ నిలబడి తమ్ముడి ఉబ్బిన పాదాలను మాత్రం ఎప్పుడూ చూడలేదు. చూసినా ఏమీ అడగలేదు.

జిలాని మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేసే మిషన్‌కు కట్టి కట్టి చివరికి గుండె కూడా అలిసిపోయింది. "మీరే కనిపెట్టిన పెట్టె ఉంది కదండీ, దాంట్లో పడుకుంటే ఎవరో ఒకరి కిడ్నీ దొరికేదాకా..." అన్నాడు అమాయకంగా ఒక కుర్ర డాక్టరు. జిలాని నవ్వి, "నా టికెట్టు ఒకసారి చింపేసినారు సార్," అన్నాడు.

అతనికోసం దువా చెయ్యమని అడగడానికి మాబున్ని మౌల్వీ ఇంటికి పోయింది. ఆయన దువా చేసి, తర్వాత నోరు తెరిచాడు.

"అమ్మా, ఈ మాట నేను చెప్పకపోతే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. తండ్రికంటే ముందు కొడుకు పోయి, ఇంకో కొడుకు బతికుంటే, పోయినోని పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు."

మాబున్నికి ముందు అర్థం కాలేదు. అర్థమైనాక వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ప్రయోగశాల, మందులు, మిషన్లు, ఉన్న ఇల్లు... అన్నీ పొత్తువి, మామవి. జిలాని పేరు మీద ఉన్నది ఒక పాత సైకిలు.

"ఇదేం న్యాయం హజ్రత్? ఆయన చేసిన పెట్టె లేకపోతే మామ ఎప్పుడో పోయుండేటోడు. ఆయన వాటా ఆయనకు వచ్చుండేది."

"దీనికి విరుగుడు కూడా షరియత్తే పెట్టింది తల్లీ. తాత బతికుండంగా నోటితో ఒక్కమాట చెప్పచ్చు, మనవరాళ్ళకు మూడో వంతు దాకా ఇయ్యండని. వసీయత్తు. కాగితం కూడా అక్కర్లేదు, ఇద్దరు సాక్షులుంటే చాలు." మౌల్వీ గొంతు తగ్గింది. "కానీ మీ మామ నోరు ఆ పెట్టెలో ఉండాది."

ఆమె నేరుగా మిల్లుకు పోయింది. వరసలు వరసలుగా తిరిగే మిషన్ల మధ్య, కనురెప్పల మీద దూదినలుసులతో ఖాసింవలి నిలబడి ఉన్నాడు.

"బావా, మామను లేపుదాం. నీ తమ్ముడు ఒకసారి కండ్లారా నాయన్ని చూసుకుంటాడు."

"లేపితే నాయన నిలబడడు, నీకు తెలుసు గదా. ఈ పత్తి సీజను పోనీమ్మా. అప్పుడు పొత్తు నా పేరున మార్పించుకోని..."

"సీజను పోయేదాకా ఆయన ఉండడు బావా."

ఖాసింవలి రెప్పల మీది దూది తుడుచుకున్నాడు. తర్వాత, "నీ పిల్లలకు నేను అన్యాయం చేస్తానా?" అన్నాడు.

"చెయ్యవు బావా. ఆ మాటే మౌల్వీ సాబు ముందర ఒక్కసారి చెప్పు."

మిషన్లు మోగుతున్నాయి. అతను చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని, వినపడలేదన్నట్టు తల ఊపి, అవతలి వరసలోకి నడిచిపోయాడు. ఆ మిషన్ల మధ్య ఇరవై ఏళ్ళుగా పెదవుల కదలికను బట్టి కూలీల మాటలు చదువుతున్న మనిషి అతను.

జిలానికి చెబితే కళ్ళు మూసుకొని విన్నాడు. "వద్దు మాబూ. ఎవరో తవ్వితే బయటికొచ్చిన కప్ప బతకదు. వానొస్తేనే రావాల," అన్నాడు. డాక్టర్లు రేపో ఎల్లుండో అన్నారు.

*

మర్నాడు తెల్లవారుతూనే మాబున్ని షెడ్డు తలుపు తీసింది. తొట్టిలో మట్టి నెర్రెలుగా పగిలి ఉంది. పెట్టె చుట్టూ ఉన్న గొట్టాల్లోకి గోరువెచ్చటి నీళ్ళు వదిలింది. ఒళ్ళు ఒక్కసారిగా వేడెక్కకూడదు. నిదానంగా, కొంచెం కొంచెంగా. పక్షవాతం కొట్టిన ముసలి గుండె ఆ వెచ్చదనాన్ని తట్టుకోదని, మధ్యాహ్నం లోపలే ఆగిపోతుందని ఆమె లెక్క. మామ గుండె ఒక పక్క, మొగుని గుండె ఒక పక్క. ఏది ముందు ఆగాలని తను కోరుకుంటోందో ఆమెకు తెలుసు. తెలిసే కొళాయి తిప్పింది. తిప్పినాక పెట్టె మీద తల ఆనించి, "మాఫ్ చెయ్యి మామా," అంది.

ఆసుపత్రికి పోయేసరికి పిల్లలిద్దరూ పక్కనున్న ఖాళీ మంచం మీద నిద్రపోతున్నారు. రాత్రి డ్యూటీ నర్సు తన స్వెట్టరు తీసి చిన్నదానికి కప్పింది. జిలాని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"షెడ్డు వాసనొస్తాంది. నాయన్ని లేపినావా?"

"లేదు."

అతను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "మంచిది," అన్నాడు. ఆ మాట నమ్మి అన్నాడో, నమ్మినట్టు ఉండి ఆమెను ఒడ్డున పడేశాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ఎండ కిటికీలోంచి మంచం మీదికి ఎక్కకముందే అతని ఊపిరి ఆగిపోయింది.

నర్సు చప్పుడు కాకుండా తెర లాగింది. పిల్లల వైపు పోబోయిన మాబున్ని భుజం పట్టుకొని ఆపింది. "నిద్రపోనీండక్కా. లేచినాక ఎట్లాగూ తెలుస్తుంది. ఇంకొంచెంసేపు వాళ్ళకు నాయన ఉంటాడు," అంది.

అప్పుడు ఫోను మోగింది. చేసింది ఖాసింవలి.

"నాయన కండ్లు తెరిచినాడు! మాట్లాడుతాండాడు! ఎవరు లేపినారు? నువ్వేనా?"

"ఆయన పోయినాడు బావా," అంది మాబున్ని.

అవతల పశువు అరిచినట్టు ఒక ఏడుపు వినపడింది. అది నటన కాదు. ఆ ఏడుపు నిమ్మళించాక ఖాసింవలి ముక్కు చీదుకొని, "నాయనకు చెప్పొద్దు," అన్నాడు.

*

ఇంటికి తెచ్చిన శవం దగ్గర, తోడికోడలు రమీజా మాబున్ని మెడలోని నల్లపూసల లచ్చ తీసింది. గాజులు పగలగొట్టలేదు. సబ్బునీళ్ళు పోసి, ఒక్కటీ పగలకుండా, చర్మం గీరుకోకుండా ఒక్కొక్కటే జార్చి, గుడ్డలో మూటకట్టింది. మూట కట్టడం అయ్యీ కాకముందే షెడ్డు నుంచి కబురొచ్చింది. హుసేనప్ప చిన్నకోడల్ని పిలుస్తున్నాడు. గాజులు వేసుకొని రమ్మని ఖాసింవలి చెప్పి పంపాడు.

రమీజా ఆ మూటను ముందుకు చాపింది. ఆమె తల ఎత్తలేదు. "ఆయన పంపినాడు. నేను కాదు చెల్లీ," అని మాత్రం అంది.

"వద్దక్కా. ఇట్లే పోతా."

మాబున్ని బోసి చేతులతో షెడ్డులోకి నడిచింది. ఏమి చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కుంది. మామా, నీ చిన్నకొడుకు పోయినాడు. మనవరాళ్ళకు దిక్కు నువ్వే. ఒక్కమాట చెప్పు. అంతే. నాలుగు ముక్కలు. గుండె పగిలితే పగలనీ. పొద్దున అది ఆగాలనే కదా కొళాయి తిప్పింది!

లోపల పొత్తు పెద్దలు ముగ్గురు, మౌల్వీ, ఖాసింవలి ఉన్నారు. వాళ్ళ మిల్లు దూదితో కుట్టిన పరుపు మీద, దిండ్లకు ఆనించి హుసేనప్పను కూర్చోబెట్టారు. అప్పటికే పాత పొత్తు ముగించి, ఖాసింవలి చేతిలో చేతులు వేయించి కొత్త పొత్తు కట్టించారు. మిల్లు నిలబడింది. పెద్దల ముఖాలు తేటపడ్డాయి. వాళ్ళందరి కళ్ళూ ఇప్పుడు మాబున్ని మణికట్ల మీద ఉన్నాయి.

హుసేనప్ప కళ్ళకు చలి పొర కమ్మింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ కనపడడం లేదు. అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"ఎవరు?"

"నేను మామా. మాబున్నిని."

"నువ్వా? గాజుల చప్పుడు లేదే?"

చెప్పాల్సిన నాలుగు ముక్కలూ ఆమె నాలుక చివరికి వచ్చాయి. హుసేనప్ప మెడ సాచి, చెవి ఆమెవైపు పెట్టి, భయంగా ఎదురుచూస్తున్నాడు. ఊరందరినీ తిట్టే మనిషి. అట్లాంటి భయం ఆ ముఖంలో ఆమె ఎప్పుడూ చూడలేదు. నాజూ కూడా చీకట్లో అమ్మ కోసం తడుముకుంటూ అట్లాగే చూస్తుంది.

"నువ్వే గదా మామా చెప్పినావు," అంది మాబున్ని. "మిషన్ల కాడ గాజులొద్దని."

ఆ భయం ఇట్టే కరిగిపోయింది. హుసేనప్ప పళ్ళులేని నోటితో నవ్వాడు.

"విన్నారయ్యా? ఇన్నాళ్ళకు నా మాట ఇన్నది! చిన్నోడు యాడ?"

మౌల్వీ కళ్ళు మూసుకున్నాడు.

"నిద్రపోతాండాడు మామా. చానా రోజుల నుంచి నిద్రలేదు ఆయనకు."

"పోనీ పోనీ. లేపొద్దు. నన్ను చూసుకుంటా ఎన్ని రాత్రులు మేలుకున్నాడో." అతను నీళ్ళ కోసం నోరు తెరిచాడు. ఆమె చెంచాతో పోసింది. కొన్ని గొంతులోకి పోయాయి, కొన్ని గడ్డం మీద కారాయి. కొంగుతో తుడిచింది.

మౌల్వీ ఇక ఉండలేకపోయాడు. ముందుకు వంగి, గొంతు సవరించుకొని అన్నాడు. "హుసేనప్పా, మనవరాళ్ళు ఉండారు. వాళ్ళకేమన్నా వసీయత్తు చెప్పదలుచుకున్నావా? మూడో వంతు దాకా నీకు అధికారముంది."

ఖాసింవలి ముఖంలో రక్తం ఇంకిపోయింది. హుసేనప్ప మాత్రం తేలిగ్గా చెయ్యి ఊపాడు.

"ఎందుకు హజ్రత్? వాళ్ళ నాయన ఉండాడు గదా. ఇద్దరు కొడుకులు, చెరి సగం. నేను ఒకని పిల్లలకు ఎక్కువిచ్చి ఇంకొకని పిల్లలకు తక్కువ చేస్తే, దూదేకులోనికి షరియత్తు తెలీదని మళ్ళీ నవ్వరూ?" దగ్గొచ్చింది. దగ్గులోనే నవ్వాడు. "అల్లా ఎట్ల పంచమన్నాడో అట్ల పంచండి. నేను ఒక గింజ ఇటు వేసేది లేదు, అటు తీసేది లేదు. ఆ మాట ఊరంతా చెప్పుకోవాల."

మౌల్వీ మాబున్ని వైపు చూశాడు. ఇప్పుడు నువ్వే చెప్పాలి తల్లీ అన్నట్టు. ఆ చూపు ఆమెకు అందింది. వాకిట్లో అఫ్రీన్ ఏడుపు కూడా వినపడుతోంది. ఎందుకేడుస్తోందని ముసలాయన అడిగితే ఇంకో అబద్ధం వెతుక్కోవాలి.

హుసేనప్ప ఆమె బోసి మణికట్టును తడిమి పట్టుకున్నాడు. బొటనవేలితో నిమురుతూ, "మంచి పిల్లవు. మాట ఇన్నావు," అన్నాడు.

ఆమె చీర కొంగు రెండు చేతుల మీదికీ లాక్కుంది.

పొద్దు వాలకముందే, కలిమా చెప్పిస్తుంటే సగంలో, హుసేనప్ప నిమ్మళంగా పోయాడు. కొడుకు కంటే ఒకపూట వెనక. రెండు జనాజాలూ ఒకే వాకిలి దాటాయి. ముందు చిన్నోడిది, వెనక తండ్రిది. ఆ వరస ఊరంతా చూసింది.

*

పంపకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక కొడుకు, ఒక వాటా. పంచేటప్పుడు అక్కడున్న వాటాలేని చుట్టాలకు కూడా ఏదో ఒకటి ఇచ్చి మంచిమాట చెప్పమని కితాబులో ఉంది. ఖాసింవలి ఆ మాట కూడా దాటలేదు. అఫ్రీన్‌కు ఒకటి, నాజూకు ఒకటి, మేలురకం దూదితో కుట్టించిన పరుపులు రెండు పంపించాడు. చాలా మెత్తటి పరుపులు. మూడోరోజు రమీజా వచ్చి, ఎవరూ చూడకుండా, ఆ గాజుల మూటలో తన బంగారు దుద్దులు పెట్టి మాబున్ని బట్టల పెట్టెలో దాచి పోయింది.

భర్త పోయిన ఆడది ఇల్లు కదలకుండా ఉండాల్సిన ఇద్దత్తు గడువు మాబున్నికి ముగిసినాక, తొలకరి మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఖాసింవలి షెడ్డుకు వచ్చాడు. ఆమె తొట్టి దగ్గర కూర్చొని ఉంది. మనిషి చిక్కిపోయాడు. మాట్లాడుతూ ఎడమచేతిని కుడిచేత్తో పిసుక్కుంటున్నాడు.

"పెట్టె పనిచేస్తాందా?"

"చేస్తాంది బావా."

"నీకు జీతం రాయిస్తా. పిల్లల చదువు నాది. షెడ్డు నువ్వే చూసుకో." కాసేపు రేకుల వైపు చూశాడు. "పొత్తు ఇప్పుడు నా మీద నడుస్తాంది. మూడో మిల్లుకు పునాదులు తీస్తాండాం. డాక్టరు నా గుండె బాగలేదన్నాడు. రేపు నాకేమన్నా అయితే ఊరు ఊరంతా కూలుతుంది. అందుకని..."

"నిన్ను పెట్టెలో పెట్టాల. అంతే గదా?"

"ఇంకెవరికి చేతనవుతుంది చెప్పు. ఎక్కించేది నువ్వే, కనిపెట్టుకోనుండేది నువ్వే. లేపేది కూడా..."

అక్కడ అతని నోరు ఆగిపోయింది. ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. ఆమె మణికట్ల వైపు చూశాడు. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఒకటి, రెండు, తర్వాత లెక్కలేనన్ని.

"టైముకు లేపుతావు గదమ్మా?" అన్నాడు. వాన చప్పుడులో ఆ మాట చిన్నదైపోయింది.

మాబున్ని చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని, వినపడలేదన్నట్టు తల ఊపింది. తర్వాత చెంచా తీసుకొని, తొట్టిలో పగిలిన మట్టి మీద నీళ్ళు పోసింది. లోపల ఏదో కదిలింది.

"నువ్వు నిమ్మళంగా పడుకో బావా," అంది.